అట్ట వెనక కుట్టిన కాగితం

ఆసుపత్రిలో రోగులు పై అంతస్తుల్లో ఉంటారు, వాళ్ళ కాగితాలు నేలమాళిగలో ఉంటాయి. రోగి నడిచి వెళ్ళినా, నలుగురు మోసుకెళ్ళినా, ఫైలు మాత్రం మెట్లు దిగి కిందికి రావలసిందే. అలా దిగివచ్చిన ఫైళ్ళను ఇరవై రెండేళ్ళుగా సరిచేసి, కుట్టి, అరల్లో పెడుతున్న మనిషి సూదయ్య. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చేతిలో జానెడు దబ్బనం, జేబులో మైనం పట్టించిన దారపు ఉండ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి న్యాయంగా దబ్బనమయ్య అనాలి. మర్యాద తెలిసినవాళ్ళు గనక సూదయ్య అన్నారు.

ఆ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపూ చెమ్మకు ఉబ్బి, లోపలి నుంచి తీయాలంటే భుజం ఆనించి తోయాలి. ఇనుప అరల మధ్య సందుల్లో ఒక్క మనిషే పడతాడు. ఎదురుగా ఇంకొకరు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవాల్సిందే. అలవాటు లేనివాళ్ళు పది నిమిషాలకే ఊపిరాడక పైకి పరిగెడతారు. సూదయ్య ఒంటికాయ సొంటికొమ్ములాంటి మనిషి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అతనికి ఆ గదిలో హాయిగానే ఉండేది.

సూదయ్య పనిలో ఒక సంగతి ఉంది, అది ముందే చెప్పాలి. రోగి ఇంటికి వెళ్ళిపోయాక వచ్చే పరీక్షల రిపోర్టులు కొన్ని ఉంటాయి. దూరపు ల్యాబులకు పంపినవి, వారాల తరబడి పట్టేవి. అవి వచ్చేసరికి వార్డులో ఆ మంచం మీద వేరే మనిషి ఉంటాడు, పరీక్ష రాయించిన డాక్టరు బదిలీ అయి వేరే ఊళ్ళో ఉంటాడు. వార్డువాళ్ళు ఆ కాగితాన్ని కిందికి పంపిస్తారు. సూదయ్య నంబరు చూసి, ఫైలు తీసి, వెనక అట్ట లోపలివైపు కుట్టి, 'చేరినది' అని ముద్ర కొట్టి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టి మళ్ళీ అరలోకి తోస్తాడు. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. చదవడం డాక్టర్ల పని, వాళ్ళ చేతికి అది వెళ్ళదు. కుట్టడం సూదయ్య పని, రోగి గుట్టు చదివే హక్కు అతనికి లేదు. ఇంత చక్కటి ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, పాపం, మంచి ఉద్దేశంతోనే చేసుంటాడు. కాగితం పోకూడదు, అంతవరకే ఆయన బాధ.

ఆ ఏడాది న్యూరాలజీ డాక్టరమ్మ ఆ గదిలోకి దిగివచ్చింది. ఒక జబ్బు గురించి పాత ఫైళ్ళు చదివించాలంది. దాని పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. వార్డుల్లో అందరూ 'మూడు నెలల జబ్బు' అంటారు. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఈ నెల మనిషి ఇంటి తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు, వచ్చే నెలకు ఇంటికి దారి మరిచిపోతాడు, ఆ పై నెలకు మంచం మీద ఉలిక్కిపడుతూ పెళ్ళాన్ని కూడా ఎవరమ్మా నువ్వు అంటాడు. మెదడు అంత వేగంగా పాడైపోతుంది.

"మందు లేని జబ్బును ముందే గుర్తుపట్టి ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాడు సూదయ్య.

"రెండు పనులున్నాయి," అంది డాక్టరమ్మ, ఇనుప స్టూలు మీద దుమ్ము చేత్తో తుడుచుకుని కూర్చుంటూ. "ఇంటివాళ్ళను పది ఆసుపత్రులు తిప్పకుండా ఉండొచ్చు. ఇంకోటి, ఇలాగే కనిపించి మందుకు లొంగే జబ్బులు కొన్ని ఉన్నాయి. దీన్ని మనం సరిగ్గా గుర్తుపట్టగలిగితే, వాటిని కూడా దీనికింద వేసేసి మనిషిని ఇంటికి పంపించే పాపం తప్పుతుంది."

ఈ జబ్బని అట్ట మీద రాసి ఉన్న అరవై మూడు ఫైళ్ళు ఆమె ఎంచి పెట్టింది. పేర్లు, నంబర్లు నల్లసిరా కింద కప్పేయించి ఒకటి నుంచి అరవై మూడు దాకా కొత్త అంకెలు వేయించింది. ప్రతి ఫైలునూ ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒకరు సూదయ్య, రెండోవారు వార్డులో పనిచేసి రిటైరైన సిస్టరమ్మ. మొదట కనిపించిన తేడా ఏమిటి, దాన్ని ఎవరు చూశారు, జబ్బు పేరు పెట్టడానికి ఎన్ని రోజులు పట్టింది, ఇవన్నీ ఒక ఫారంలో నింపాలి.

"డాక్టర్లు ఏం రాస్తారో నాకు తెలుసు," అంది డాక్టరమ్మ. "ఒకడు 'ప్రవర్తనలో మార్పు' అని రాస్తాడు, తరవాతి పదిమందీ దాన్నే ఎక్కించుకుంటూ పోతారు. నాకు ఇంటివాళ్ళ మాటలు కావాలి. మొదటి రోజు వాళ్ళు ఏం చెప్పారో అది. ఇంకొక్క మాట. తెలిసినవాళ్ళ ఫైలు వచ్చిందనిపిస్తే చదవకుండా పక్కన పెట్టండి."

సూదయ్య తలూపాడు. ఆరేళ్ళ కింద తన అన్నయ్య ఈ జబ్బుతోనే, ఈ ఆసుపత్రిలోనే చూపించుకుని పోయాడని మాత్రం చెప్పలేదు. చెబితే ఆ పని తనకు ఇవ్వదు. అన్నయ్యను తినేసింది ఏమిటో తెలుసుకోవాలని అతనికి ఆరేళ్ళుగా ఉంది. అంతకంటే ఎక్కువగా, అది అన్నయ్య కూతురిని కూడా తింటుందా అన్నది తెలుసుకోవాలని ఉంది.

అన్నయ్య దర్జీ. పేరున్న కటింగ్ మాస్టరు. "నేను మనుషులకు చొక్కాలు కుడతాను, మా తమ్ముడు జబ్బులకు చొక్కాలు కుడతాడు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వేవాడు. ఫైలు కుట్టాక చివర వేసే ముడి కూడా ఆయన నేర్పిందే. దారాన్ని రెండుసార్లు తిప్పి, కొసను లోపలికి తోసేస్తే ఇక అది లాగితే ఊడదు, కత్తెర పడాల్సిందే. ఆయన పోయాక వదిన, కూతురు మిగిలారు. సూదయ్యకు ఆ ఇల్లు తప్ప మరో ఇల్లు లేదు. ప్రతి ఆదివారం భోజనం అక్కడే.

ఆ ఇంట్లో కూతురు, అంటే ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, రోజూ పొద్దున్నే లేచి నెలల పేర్లు వెనక నుంచి ముందుకు అప్పజెప్పుకుంటుంది. ఒక్కటి తడబడినా ఆ రోజంతా మాట్లాడదు. అన్నయ్యను ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు ఒక మాట అన్నాడు, "కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలో దిగుతుంది" అని. ఆ ఒక్క మాట ఆ పిల్లను గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. రక్తపరీక్ష ఉంది, చేయించుకోదు. అవునని తేలితే ఆ తరవాత ఎలా బతకాలి అంటుంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఎదురుగా ఉన్న బడిలో లెక్కల మాస్టారు ఒకాయన మూడేళ్ళుగా పెళ్ళి చేసుకుందామని అడుగుతున్నాడు. "ఎందుకు? నా నోట్లో చెంచాతో పోసి, నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టడానికా?" అని ఆయన్ను పంపించేసింది. ఆయన మాత్రం వెళ్ళినట్టే వెళ్ళి, కళ్ళజోడు వదులైందని మళ్ళీ వస్తుంటాడు.

ఫైళ్ళు చదవడం మొదలుపెట్టిన పదిహేనో రోజున నలభై ఒకటో అంకె సూదయ్య చేతికి వచ్చింది. మొదటి పేజీలో ఇంటివాళ్ళు చెప్పిన మాటలు ఉన్నాయి. ఎవరో కుర్ర డాక్టరు, పనిలో కొత్త కాబోలు, ఓపిగ్గా రాసుకున్నాడు: 'వృత్తి దర్జీ. ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. తప్పు చూపిస్తే, మనిషికి కుడిచెయ్యి ఎందుకు అని అడిగాడు. నవ్వులాటకు అంటున్నాడనుకున్నారు. చెప్పినవారు: తమ్ముడు.'

సూదయ్య కలం బల్లమీద పెట్టేశాడు. ఆ మాటలు చెప్పింది తనే. బల్ల అవతల కూర్చుని చెబుతుంటే ఆ కుర్రాడు తల ఎత్తకుండా రాసుకోవడం కూడా గుర్తుంది. పేరు మీద ఎంత సిరా పోస్తే మాత్రం ఏం లాభం? రెండు ఎడమ చేతుల చొక్కా ఇప్పటికీ వదిన బీరువాలో ఉంది.

నియమం ప్రకారం ఫైలు మూసి పక్కన పెట్టాలి. పెట్టలేదు. దొంగతనంగా తీపి తినే పిల్లాడిలా అటూ ఇటూ చూసి, సిస్టరమ్మ వీపు ఇటు ఉందని నిర్ధారించుకుని, పేజీ తిప్పాడు. అన్నయ్య మూడు వారాల ఆసుపత్రి బతుకు అంతా చదివాడు. నడక తూలడం, రాత్రంతా లేని గుడ్డను చేత్తో సర్దడం. ఒకచోట 'వెన్నునీరు దూరపు ల్యాబుకు పంపడమైనది, ఫలితం రావలసి ఉంది' అని ఉంది. ఆ కింద నాలుగు రోజులకు 'మూడు నెలల జబ్బుగా భావించి ఇంటికి పంపడమైనది'. చదువుతూనే ఫారం నింపుకుంటూ వచ్చాడు. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా తల వెనక్కి పెట్టుకున్నాడు.

ఫారంలో చివరి ప్రశ్న ఒకటుంది: 'వెనక అట్ట దాకా చూశారా? ఆలస్యంగా చేరిన కాగితాలు ఉన్నాయా?' సూదయ్య వెనక అట్ట తిప్పాడు.

ఒక కాగితం ఉంది. ల్యాబు రిపోర్టు. పైన వెన్నునీటి పరీక్ష, కింద ఏదో యాంటీబాడీ పేరు, దాని పక్కన పాజిటివ్ అని పెద్ద అక్షరాలు. అడుగున 'చేరినది' ముద్ర, తేదీ, పొడి సంతకం. కుట్టు చివర రెండు తిప్పులు తిప్పి కొస లోపలికి తోసిన ముడి.

ఆ తేదీ సూదయ్యకు తెలుసు. అన్నయ్యను ఇంటికి తెచ్చిన తొమ్మిదో రోజు. సెలవులో ఉన్న తనను కాగితాలు గుట్టపడ్డాయి, ఒక్క పూట రమ్మని ఆఫీసువాళ్ళు ఫోను చేసి పిలిచిన రోజు. మధ్యాహ్నం అన్నయ్యకు తినిపించే పని తనది. ఇంకెవరు పెట్టినా ఆయన నోరు తెరిచేవాడు కాదు. ఆలస్యమైతే ఆకలితో ఉంటాడని, నంబర్లు తప్ప మరేదీ చూడకుండా, అరవై కాగితాలు రెండు గంటల్లో కుట్టిపారేసి పరిగెత్తాడు. సమయానికి చేరానని ఆ రోజు సంతోషపడ్డాడు కూడా. అన్నయ్య ఆ తరవాత పన్నెండు రోజులకు పోయాడు.

ఫారంలో ఆ చివరి గడి ఖాళీగా ఉంది. తన ముడి, తన సంతకం ఉన్న ఆ కాగితం సంగతేమిటో తేలేదాకా ఇంకెవరి కంటా పడకూడదు అనుకున్నాడు సూదయ్య. 'లేవు' అని రాశాడు.

యాంటీబాడీ పేరు ఒక చీటీ మీద అక్షరం అక్షరం ఎక్కించుకుని, ఇంకో సందులో ఉన్న సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఇదేంటి సిస్టర్? ఎక్కడో కనబడింది."

సిస్టరమ్మ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని, చీటీని దూరంగా పట్టుకుని చూసింది. "ఓ, ఇదా! ఇది మన జబ్బు కాదు సూదయ్యగారూ. దీనికి తమ్ముడి వరస అనుకోండి. అచ్చం అలాగే మొదలవుతుంది, అదే తూలడం, అదే పిచ్చిమాటలు. కానీ మందు పడితే మనిషి తిరిగొస్తాడు. నేను రిటైరయ్యే ముందు ఒక టీచరమ్మ వచ్చింది. మొగుణ్ణి దొంగ అని తిట్టేది, మంచానికి కట్టి ఉంచాం. నెలన్నరకి తన కాళ్ళమీద తాను నడిచి వెళ్ళింది, గుమ్మంలో ఆగి నా చేతిలో పువ్వు కూడా పెట్టింది. అందరికీ అలా జరుగుతుందని కాదులెండి, కానీ చాలామంది బాగుపడతారు. ఇంతకీ ఏ ఫైల్లో చూశారు?"

"ఫైల్లో కాదు, ఏదో విడికాగితం," అన్నాడు సూదయ్య. తన నోట్లోంచి అబద్ధం అంత సాఫీగా రావడం చూసి అతనికే భయమేసింది.

ఆ సాయంత్రం అతను కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క ముడి కోస్తే కాగితం జేబులోకి వస్తుంది, జేబులోంచి మురుగుకాలవలోకి పోతుంది. సిస్టరమ్మ ఎలాగూ మనిషి ఇంటికెళ్ళిన పేజీ దాటి చదవదు, వార్డు అలవాటు అది. ఎవరికీ తెలియదు. కత్తెర మొన ముడిదాకా వెళ్ళింది గానీ చెయ్యి మూసుకోలేదు. అన్నయ్య నేర్పిన ముడి అది. ఫైలును ఉన్నదున్నట్టు అరలో పెట్టి, తలుపు భుజంతో తోశాడు. ఆ రోజు అది మామూలుకన్నా గట్టిగా బిగుసుకుంది, లేదా అతని భుజంలో బలం లేదు. రెండు నిమిషాలు ఆ చీకటి గదిలో తలుపు కొడుతూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అతనికి అక్కడ ఊపిరాడలేదు.

మర్నాడు డాక్టరమ్మ పరుగులాంటి నడకతో దిగివచ్చింది. చేతిలో నలభై ఒకటో ఫారం ఉంది. "సూదయ్యగారూ, ఎంత మంచి సంగతి పట్టుకున్నారండీ! రెండు ఎడమ చేతులు! పన్నెండో ఫైల్లో వడ్రంగి తలుపుకి రెండు పక్కలా బందులు బిగించాడు, గుర్తుందా? ముప్పయ్యో ఫైల్లో ఆవిడ ఒకే కాలికి రెండు జోళ్ళు తొడగబోయింది. చేతిపనివాళ్ళు తమ పనిలోనే కుడి ఎడమలు పోగొట్టుకుంటున్నారు. దీన్ని కార్డు మీద వేయించి ప్రతి వార్డులో పెట్టిస్తాను. ఇలాంటి మాట ఇంటివాళ్ళు చెబితే వెంటనే ఈ జబ్బును అనుమానించాలని."

ఆమె ముఖంలో అంత సంతోషం సూదయ్య ఎప్పుడూ చూడలేదు. ఆ సంతోషానికి తాను ఇచ్చింది విషం. రేపు ఎక్కడో ఒక దర్జీ రెండు ఎడమ చేతులు కత్తిరిస్తాడు. కార్డు చూసిన కుర్ర డాక్టరు ఇది మూడు నెలల జబ్బే అనుకుని, మందుకు లొంగే మనిషిని ఇంటికి పంపిస్తాడు. ఏ పాపం తప్పించడానికి ఈ చదువంతా మొదలైందో, ఆ పాపానికి సూదయ్య ఫారమే దారి చూపిస్తుంది.

నిజం చెబుదామంటే వదిన ముఖం కళ్ళముందుకొచ్చింది. "నీ మరిది వల్లే నీ మొగుడు పోయాడు" అని ఎలా చెప్పాలి? చెప్పకుండా ఉందామంటే ఆ పిల్ల. అన్నయ్యది ఆ జబ్బే కానప్పుడు, వంశంలో దిగేది ఏదీ లేనప్పుడు, నెలల పేర్లు వెనక్కి అప్పజెప్పుకుంటూ ఆ పిల్ల ఎవరికోసం ముసలిదైపోతోంది? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సూదయ్య వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సిస్టరమ్మ అజీర్తి అనుకుని రెండు పిప్పరమెంట్లు ఇచ్చింది.

ఆదివారం భోజనాల దగ్గర పిల్ల చేతిలోంచి గరిటె జారి నేలమీద పడింది. పడింది గరిటె, అంతే. కానీ ముగ్గురూ చేతులు ఆపేశారు. వదిన కూతురి వేళ్ళవైపు చూసింది. పిల్ల తన చేతిని తానే రెండో చేత్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి చూసుకుంది.

"తడిగా ఉందమ్మా, అందుకే జారింది," అంది, ఎవరూ అడగకుండానే. తరవాత సూదయ్యతో, "బాబాయ్, నాన్నకి మొదట ఏ చేతిలోంచి జారేది? కుడిచేతిలోంచా?"

"నాకు గుర్తులేదమ్మా."

"నీకన్నీ గుర్తుంటాయి. నా కోసం గుర్తులేదంటావు." వెళ్ళి చెయ్యి కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, మళ్ళీ అదే గరిటె పట్టుకుని వడ్డించింది. ఆమె వేళ్ళు అంత గట్టిగా బిగించడం వల్లనే వణుకుతున్నాయని సూదయ్యకు తెలుసు.  ఆ కాగితం ముక్కను అట్ట వెనకే దాచిపెట్టి, ఆ పిల్ల చేతివంట తింటున్న తాను ఎంత నీచుడో అతనికి అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్నే ఫైలు పట్టుకుని డాక్టరమ్మ గదికి మెట్లెక్కాడు. వెనక అట్ట తెరిచి బల్లమీద పెట్టాడు. "మేడమ్, ఈ ఫారంలో 'లేవు' అని రాశాను. ఉంది."

ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ముద్ర కింద తేదీ మీద వేలు పెట్టింది. "ఇది ఎవరు కుట్టారు?"

"నేనే."

"రోగి ఎవరో తెలుసా మీకు?"

"మా అన్నయ్య."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, కళ్ళు రుద్దుకుంది. "అట్ట మీద జబ్బు పేరు చూసి ఈ ఫైలు ఎంచింది నేను," అంది. "వెనక్కి తిప్పి చూడలేదు. ఇంకొకళ్ళు రాసింది ఎక్కించుకోవద్దని మీకు పాఠం చెప్పి, నేను చేసింది అదే."

"బతికేవాడా మేడమ్?"

"బతికేవాడని చెప్పలేను. బతకడనీ చెప్పలేను. మందు మాత్రం ఆ రోజే మొదలుపెట్టి ఉండేవాళ్ళం." ఆ మాట అన్నాక ఆమె సూదయ్య ముఖంలోకి చూడలేకపోయింది. "తప్పు ఆసుపత్రిది. కాగితం డాక్టరు చేతికి వెళ్ళకుండా కిందికి పంపించే పద్ధతిది. ఇది వంశంలో దిగే జబ్బు కాదు, ఇంటివాళ్ళకు ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత నాది. మీరు చెబుతానంటే మీరే చెప్పండి. కుట్టింది ఎవరన్నది చెప్పాలో వద్దో, అది మీరే తేల్చుకోవాలి. నేను చెప్పను."

కార్డు ఆగిపోయింది. అరవై మూడు అరవై రెండయ్యాయి. సూదయ్య లేచి వెళ్ళబోతుంటే డాక్టరమ్మ మెల్లగా అడిగింది: "సూదయ్యగారూ, ఈ ఇరవై రెండేళ్ళలో ఇలాంటి కాగితాలు మీరు ఎన్ని కుట్టుంటారు?"

 అంతకు ముందెప్పుడూ అతన్ని ఎవరూ అడగలేదు, తనను తానూ అడగలేదు. ఆ రోజు నుంచి అతని పని అదే. మొదటి అర నుంచి మొదలుపెట్టి ప్రతి ఫైలు వెనక అట్ట తెరిచి, కుట్టిన కాగితం ఉంటే తీసి డాక్టరమ్మకు పంపాలి. సిస్టరమ్మ లెక్కవేసి, రోజుకు ఎనభై చూసినా నాలుగేళ్ళు పడుతుందని చెప్పింది. తాను వేసిన ముడులను తానే కోసుకుంటూ ఆ సందుల్లో నాలుగేళ్ళు.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్ళాడు. ఆదివారం కాని రోజున అతను రావడం చూసి ఇద్దరూ బెదిరారు. దారిపొడవునా సూదయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు: సగం చెబుతాను. పిల్లకు కావలసిన సగం. మిగతాది నాతోనే పోతుంది.

"అన్నయ్యది ఆ జబ్బు కాదమ్మా," అన్నాడు గుమ్మంలోనే. "వేరేది. పాత ఫైల్లో రిపోర్టు దొరికింది. డాక్టరమ్మ స్వయంగా చెప్పింది. వంశంలో దిగేది కాదు. నీకు రాదు."

పిల్ల ఒకసారి అతనివైపు, ఒకసారి తల్లివైపు చూసింది. "నిజంగా? ఒట్టు పెట్టు బాబాయ్." ఒట్టు పెట్టాడు. ఆమె అక్కడే నేలమీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత లేచి, మొహం కడుక్కోకుండానే ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. ఎవరికి చేస్తోందో చెప్పనక్కర్లేదు. కళ్ళజోడు వదులైనాయనకి.

వదిన కదల్లేదు. వరండా తలుపు దగ్గరగా వేసి వచ్చి, కుర్చీ లాక్కుని సూదయ్య ఎదురుగా కూర్చుంది. "ఏ జబ్బు మరి?"

చెప్పాడు.

"దానికి మందుందా?"

సూదయ్య నేలవైపు చూశాడు. వదిన ముప్పై ఏళ్ళు దర్జీ పెళ్ళాంగా బతికిన మనిషి, ఎక్కడ కుట్టు దాచారో ఆమె కంటికి ఇట్టే దొరుకుతుంది. "నిన్నే అడుగుతున్నా. మందుందా?"

"ఉంది వదినా."

"ఆ కాగితం ఎప్పుడొచ్చింది? ఆయన పోయాకా, ముందా?"

"పన్నెండు రోజుల ముందు."

"ఎవరి చేతికొచ్చింది?"

సగం చెబుదామనుకున్నవాడు మిగతా సగం కూడా చెప్పాడు. అరవై కాగితాలు, రెండు గంటలు, మధ్యాహ్నం భోజనం, ముడి, అన్నీ.  "చూసుంటే సరిపోయేది వదినా. తల వంచి ఒక్కసారి చూసుంటే. నన్ను తిట్టు, కొట్టు, ఇంట్లోంచి వెళ్ళగొట్టు. నీ ఇష్టం."

వదిన తిట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. వరండాలోంచి పిల్ల నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఆరేళ్ళయింది.

"ఆ పన్నెండు రోజులూ," అంది వదిన చివరికి, "నేను దేవుణ్ణి ఏం కోరుకున్నానో తెలుసా నీకు?"

"వద్దు వదినా."

"తొందరగా తీసుకుపొమ్మని. రోజూ. ఆయన దిండు సర్దుతూ కోరుకున్నా, వీపు తుడుస్తూ కోరుకున్నా. బాధ చూడలేక." ఆమె గొంతులో ఏడుపు లేదు, అదే సూదయ్యకు ఎక్కువ భయమేసింది. "నువ్వు చూడలేదు. నేను కోరుకున్నా. సరిపోయింది."

సూదయ్య ఆమె పాదాల దగ్గరికి వంగబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది. "అవన్నీ వద్దు. ఇది దానికి తెలియకూడదు. దానికి నువ్వు చెప్పింది చాలు, అది బతకడానికి ఆ సగం సరిపోతుంది. రెండో సగం మనిద్దరిదీ."

"సరే వదినా. ఇక నేను నీకు కనబడను."

"కనబడకపోతే ఎలా? ఆదివారం రా. నువ్వు రాకపోతే బాబాయ్ ఎందుకు రాలేదని అది అడుగుతుంది. ఏం చెప్పను? ఎప్పట్లాగే వచ్చి, ఎప్పట్లాగే తిని, ఎప్పట్లాగే మాట్లాడి వెళ్ళు. నిన్ను చూడాలని నాకు లేదు. అయినా రా."

అతను తిట్లకు సిద్ధపడి వచ్చాడు, గెంటివేతకూ సిద్ధపడ్డాడు. దీనికి మాత్రం సిద్ధపడలేదు. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, ఆ తరవాతవన్నీ, ఆమె వడ్డిస్తుంటే తాను తింటూ ఉండాలి. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు పిచ్చివాడు.

వరండా తలుపు తోసుకుని పిల్ల లోపలికి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, నవ్వుతోంది, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. "అమ్మా, ఈయన ఇప్పుడే బయల్దేరి వస్తాడట, ఆగడట! బాబాయ్, నువ్వు వెళ్ళకు. నీతో మాట్లాడాలంటున్నాడు. పెళ్ళిలో నాన్న చోట ఎవరు కూర్చుంటారని అడిగాడు, మా బాబాయ్ కాక ఇంకెవరున్నారు అన్నా. కూర్చుంటావు కదా?"

సూదయ్య వదినవైపు చూశాడు.

"కూర్చుంటాడు," అంది వదిన.